పాత వర్షన్లకు సపోర్ట్ ఎప్పుడు ఆపాలి? లైబ్రరీల గడువులు, దుకాణాల లెక్కలు

క్లుప్తంగా: పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కో, పాత భాషా వర్షన్‌కో సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు సపోర్ట్ ఆపేయడం మామూలు విషయమే. లైబ్రరీ అంటే వేరేవాళ్లు తమ ప్రోగ్రామ్‌లలో కలుపుకోవడానికి ముందే రాసిపెట్టిన కోడ్. ఎప్పుడు ఆపాలో తేల్చడానికి వాడకం శాతాలకంటే ముందే ప్రకటించిన గడువు నమ్మదగిన ఆధారం. అయితే తేదీ ఎంత ఆలోచించి పెట్టినా, వెనకబడినవాళ్ల కంప్యూటర్‌లో చివరి పనికొచ్చే వర్షన్ దానంతటదే ఎక్కే ఏర్పాటు లేకపోతే ఇబ్బంది తప్పదు. చర్చ అంతా తేదీ చుట్టూ తిరుగుతుంది కానీ, నష్టం ఎక్కువగా జరిగేది ఈ రెండో చోట.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బల్ల మీద విండోస్ 7 కంప్యూటర్, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. గుమస్తా టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, క్వింటా ధర కొట్టగానే ఖర్చులు పోను రైతుకు రావలసిన మొత్తం లెక్కగట్టి పట్టీ చరచరా బయటికొస్తుంది. ఏళ్ల తరబడి అదే కంప్యూటర్, అదే ప్రింటర్, అదే సాఫ్ట్‌వేర్. దాన్ని రాసింది బ్రాడీపేటలో నలుగురైదుగురు కూర్చుని పనిచేసే చిన్న సంస్థ. పట్టీ మీద క్యూఆర్ కోడ్ కూడా పడాలని దుకాణదారు అడుగుతాడు. చూస్తే చిన్న పనే. కానీ దానికి కావలసిన లైబ్రరీ కొత్త వర్షన్ ఆ కంప్యూటర్‌లో ఎక్కదు. దుకాణదారుకు లైబ్రరీ అంటే ఏమిటో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయన అడిగేది ఒక్కటే: నిన్నటిదాకా బాగానే ఉందిగా, ఇప్పుడేమొచ్చింది?

2025లో ఇలాంటి గడువులు వరసపెట్టి వచ్చాయి. ఏప్రిల్ 30న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లు నడిపే నోడ్ 18కి కాలం తీరింది. జూన్ నుంచి గూగుల్ ఆండ్రాయిడ్ యాప్‌ల కోసం ఇచ్చే ఆండ్రాయిడ్‌ఎక్స్ లైబ్రరీల కొత్త విడుదలలకు కనీసం ఆండ్రాయిడ్ 6 ఉండాలన్న నియమం వచ్చింది. అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగించింది. అదే నెలలో పైథాన్ భాష 3.9 వంతు వచ్చింది. వీటి మీద ఆధారపడిన వేల లైబ్రరీలు తమ తమ గడువులు తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎవరూ తీసుకోని నిర్ణయం

దుకాణదారు ప్రశ్నకు జవాబు చెప్పాలంటే గొలుసు మొదటి నుంచి చూడాలి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న సపోర్ట్ ముగించింది. డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం 2023 జనవరి 10 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చింది. పైథాన్ భాషకు ఒక నియమం ఉంది: కొత్త వర్షన్ విడుదలయ్యే రోజుకు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ ఇస్తున్న విండోస్‌లన్నిటి మీదా అది పనిచేయాలి. పైథాన్ 3.8 వచ్చింది 2019 అక్టోబర్ 14న. అంటే విండోస్ 7 గడువుకు సరిగ్గా మూడు నెలల ముందు, కాబట్టి అది విండోస్ 7 మీద నడుస్తుంది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో వచ్చిన 3.9 నడవదు. ఆ దుకాణం కంప్యూటర్‌కు పైథాన్ 3.8తోనే ఆఖరు.

ఇక్కడితో ఆగితే పెద్ద చిక్కేమీ లేదు. 3.8కి 2024 అక్టోబర్ దాకా సెక్యూరిటీ సవరణలు వచ్చాయి. కానీ దాని మీద నడిచే లైబ్రరీలు అంతదాకా ఆగలేదు. అంకెల లెక్కలకు వాడే నంపై 2023 జూన్‌లో వచ్చిన 1.25తో 3.8ని వదిలేసింది. పట్టికలతో పని ఉన్నవాళ్లు వాడే పాండాస్ అదే ఏడాది 2.1తో వదిలేసింది. వెబ్ పనులకు వాడే జాంగో 5.0 ఏకంగా 3.10 కావాలంది. అయితే దీర్ఘకాల సపోర్ట్ ఉన్న జాంగో 4.2 మాత్రం 3.8 మీద నడుస్తుంది, దాని గడువు 2026 ఏప్రిల్.

ఈ ప్రాజెక్టుల్లో ఏదీ కూర్చుని విండోస్ 7 సంగతి తేల్చలేదు. నంపై చూసింది పైథాన్ వర్షన్‌నే. పైథాన్ చూసింది మైక్రోసాఫ్ట్ తేదీని. మైక్రోసాఫ్ట్‌కు నంపై పేరుతో పనే లేదు. అయినా చివరికి యార్డులో కంప్యూటర్ మీద తీర్పు పడింది. వేరే దారులు వెతికినా ఇదే గోడ ఎదురవుతుంది. గో భాషలో విండోస్ 7 మీద నడిచే చివరి వర్షన్ 1.20. డెస్క్‌టాప్ యాప్‌లకు వాడే ఎలక్ట్రాన్ 23వ వర్షన్ నుంచి, అంటే 2023 ఫిబ్రవరి నుంచి, విండోస్ 10 కంటే పాతవాటిని వదిలేసింది. దాని లోపల ఉండే బ్రౌజర్ ఇంజిన్ క్రోమియం వదిలేశాక ఎలక్ట్రాన్‌కు మరో మార్గం లేదు. రస్ట్ భాష 1.78 వర్షన్ కూడా 2024 మేలో విండోస్ 10ని కనీస అర్హతగా పెట్టింది.

కాబట్టి ఒక లైబ్రరీ పాత ప్లాట్‌ఫామ్‌ను ఎప్పుడు వదలాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ లైబ్రరీ చేతిలో ఉండదు. కింద ఉన్న పొర ఎప్పుడు కదిలితే పైదీ అప్పుడు కదలాలి. ఆలస్యం చేయవచ్చు, కానీ ఆ ఆలస్యానికి ఖర్చుంది.

ఉంచితే అయ్యే ఖర్చు బయటికి కనిపించదు

అయిదు పైథాన్ వర్షన్లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంటే ప్రతి మార్పుకూ పదిహేను టెస్టులు. ఇంకో రెండు పాత వర్షన్లు కలిపితే ఇరవయ్యొకటి. దీనికి కంప్యూటర్ సమయం అయితే ఎక్కడో ఒకచోట ఉచితంగా దొరుకుతుంది. దొరకనిది మనిషి సమయం. కొత్త మార్పు అన్నిచోట్లా పాసై, ఒక్క పాత వర్షన్‌లో ఫెయిలైతే, దాని సంగతి తేల్చడానికి ఎవరో ఒకరు సాయంత్రం కూర్చోవాలి. ఆ మనిషి చాలా ప్రాజెక్టుల్లో జీతం లేని వాలంటీర్. పైగా టెస్ట్ చేసుకునే చోట్లు కూడా కాలం చెల్లిపోతాయి. గిట్‌హబ్ టెస్టుల కోసం ఇచ్చే తన సర్వర్లలో ఉబుంటు అనే లైనక్స్ 20.04 వర్షన్‌ను 2025 ఏప్రిల్‌లో తీసేసింది. దాని మీదే టెస్టులు నడుపుకునేవాళ్లు సొంత ఏర్పాటు చేసుకోవడమో, టెస్ట్ చేయకుండానే పనిచేస్తుందని చెప్పుకోవడమో చేయాలి. రెండోది సపోర్ట్ అనిపించుకోదు.

భద్రత విషయం ఇంకాస్త లోతైనది. ఆండ్రాయిడ్ యాప్‌లలో నెట్ కనెక్షన్ల కోసం విస్తారంగా వాడే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీ కథ దీనికి మంచి ఉదాహరణ. సర్వర్‌తో మాటలు గుప్తంగా సాగడానికి వాడే టీఎల్ఎస్ 1.2 ఆండ్రాయిడ్ 5 నుంచే డిఫాల్ట్‌గా పనిచేస్తుంది. అంతకు ముందు వర్షన్లలో ఉన్నా ఆపేసి ఉండేది, లేదా అసలు ఉండేదే కాదు. మరోవైపు కార్డు చెల్లింపుల ప్రపంచం 2018 జూన్ 30 నాటికి టీఎల్ఎస్ 1.0ని వదిలించుకోవాలని నియమం పెట్టుకుంది. పాత ఫోన్ల కోసం బలహీనమైన తలుపు తెరిచే ఉంచాలా, మూసేయాలా? ఓకేహెచ్‌టీటీపీ 2019 ఫిబ్రవరిలో 3.13 విడుదల చేస్తూ మూసేసింది: ఆండ్రాయిడ్ 5, జావా 8 తప్పనిసరి అంది. కానీ ఉన్నపళంగా చేతులు దులుపుకోలేదు. 3.12 శాఖకు, అంటే ఆ పాత వర్షన్ల వరసకు, ముఖ్యమైన సవరణలు 2020 చివరిదాకా ఇస్తామని మొదటే తేదీ చెప్పింది, ఆ తర్వాత దాన్ని 2021 చివరిదాకా పొడిగించింది.

పాతవాళ్లను వదలకపోవడం దయగా కనిపిస్తుంది. నిజానికి కింద ప్యాచ్‌లు ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద పైన లైబ్రరీ ఒక్కటే తాజాగా ఉంటే, వాడేవాళ్లకు దక్కేది రక్షణ కాదు, రక్షణ ఉందన్న భ్రమ. ఈ వాదనను అతిగా సాగదీయకూడదు కూడా. నెట్‌కు తగలని కంప్యూటర్‌లో పట్టీలు వేసుకునే దుకాణానికి టీఎల్ఎస్ గొడవ పట్టదు.

ఆపితే అయ్యే ఖర్చు వెంటనే కనిపిస్తుంది

పైథాన్ 2 నుంచి 3కి మారడం ఈ చర్చలన్నిటికీ తాత లాంటిది. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. 2.7కి 2015లో ముగింపు అనుకున్నారు, జనం కదలకపోవడంతో 2020 జనవరి 1కి జరిపారు. దాదాపు పదకొండేళ్లు రెండు వర్షన్లూ పక్కపక్కనే నడిచాయి. గడువు పొడిగించాక మారదామనుకున్నవాళ్లు కూడా ఇంకొన్నాళ్లు ఆగుదాం అనుకున్నారు. చివరికి కదిలించింది ఆ తేదీ ఒక్కటే కాదు. జాంగో లాంటి పెద్ద లైబ్రరీలు అంతకంటే ముందే పక్కకు తప్పుకున్నాయి. జాంగో 1.11 పైథాన్ 2 మీద నడిచే చివరి వర్షన్, 2017 డిసెంబర్‌లో వచ్చిన 2.0కి పైథాన్ 3 తప్పనిసరి. అయితే 1.11కి 2020 ఏప్రిల్ దాకా సవరణలు అందాయి. ముందే కదిలినా వెనక తలుపు మూయకపోవడం అంటే ఇదే.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2024 మొదట్లో వచ్చింది. వీఎస్ కోడ్ ఎడిటర్ 1.86 వర్షన్, దూరంగా ఉన్న లైనక్స్ సర్వర్‌కు కనెక్ట్ కావాలంటే ఆ సర్వర్‌లో జీలిబ్‌సీ 2.28 ఉండాలంది. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ ఆధారపడే మూల లైబ్రరీ. కారణం అది లోపల వాడే నోడ్ 18. సెంట్ఓఎస్ అనే లైనక్స్ 7వ వర్షన్‌లో ఉన్నది 2.17, ఉబుంటు 18.04లో 2.27. ఎడిటర్ దానంతటదే అప్‌డేట్ అవుతుంది, సర్వర్ అవదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి పనికి కూర్చున్నవాళ్లకు సర్వర్ అందలేదు. వాళ్లలో చాలామందికి ఆ సర్వర్‌ను మార్చే అధికారమే లేదు, అది కాలేజీదో, కంపెనీదో. పైగా సెంట్ఓఎస్ 7 సొంత గడువు 2024 జూన్ 30, అప్పటికి ఇంకా నెలలు మిగిలే ఉన్నాయి. గోల పెరిగాక కొద్ది రోజుల్లోనే హెచ్చరిక చూపిస్తూ మరో పన్నెండు నెలలు కనెక్ట్ కానిస్తామని సవరించారు. నిర్ణయం సాంకేతికంగా తప్పేమీ కాదు. తప్పు జరిగింది రెండు చోట్ల: కింది పొర గడువు తీరకముందే ఆపడం, ఆపినప్పుడు వాడేవాళ్లు పాత ఎడిటర్ దగ్గర నిలిచిపోయే అవకాశం లేకుండా ఆటో అప్‌డేట్‌లో పంపడం.

కాగితం మీద ఏ ప్లాట్‌ఫామ్‌నూ వదలకుండానే వదిలేయడం కూడా జరుగుతుంది. పైథాన్‌లో గుప్తలిపి పనులకు వాడే క్రిప్టోగ్రఫీ అనే లైబ్రరీ 2021 ఫిబ్రవరిలో 3.4 వర్షన్‌తో రస్ట్ భాషను లోపలికి తెచ్చింది. ముందే బిల్డ్ చేసిన ఫైలు దొరికినవాళ్లకు తేడా తెలియలేదు. పైథాన్ లైబ్రరీలను ప్యాకేజీలుగా దించి ఎక్కించే పిప్ పాతది వాడేవాళ్లకు ఆ ఫైలు రూపం అర్థం కాలేదు, దాంతో అది సోర్స్ నుంచి బిల్డ్ చేయబోయి రస్ట్ లేదంటూ ఆగిపోయింది. ఆల్పైన్ లైనక్స్ వాడేవాళ్లదీ అదే పరిస్థితి. పైథాన్ వర్షన్ మారలేదు, ఆపరేటింగ్ సిస్టమ్ మారలేదు, బిల్డ్ చేసే పనిముట్టు మారింది. అదీ ప్లాట్‌ఫామ్‌లో భాగమేనని చాలామందికి అప్పుడే తెలిసింది.

శాతాలు చెప్పనివి

ఎంతమంది వాడుతున్నారో చూసి నిర్ణయిద్దాం అన్నది ఎవరికైనా మొదట తట్టే ఆలోచన. లెక్కలకు కొరత లేదు. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్, ప్రతి డౌన్‌లోడ్‌తోపాటు తన పైథాన్ వర్షన్‌ను కూడా సర్వర్‌కు చెబుతుంది. ఆ వివరాలు గూగుల్ బిగ్‌క్వెరీలో ఎవరైనా చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ వర్షన్ల వాటాలు ఆండ్రాయిడ్ స్టూడియోలోనే కనిపిస్తాయి.

చిక్కు ఏమిటంటే డౌన్‌లోడ్ అంటే మనిషి కాదు. టెస్టులు నడిపే సర్వర్లు రోజుకు వందసార్లు అదే ప్యాకేజీని మళ్లీ మళ్లీ దించుకుంటాయి. డిపోలో ఖాళీగా తిప్పి చూసిన బస్సు ట్రిప్పులను కూడా ప్రయాణికుల లెక్కలో కలిపితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మరోవైపు నిజంగా పాత వర్షన్ మీద ఉన్నవాళ్లు దించుకోవడమే తక్కువ. వాళ్లు ఎప్పుడో ఒకసారి ఎక్కించుకుని వదిలేశారు. విజయవాడ సూర్యారావుపేటలో ఓ డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో రక్తపరీక్షల యంత్రానికి తగిలించిన కంప్యూటర్‌ను ఊహించండి. యంత్రం డ్రైవర్ పాత విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని కదిలించరు. రిపోర్టులను పక్క కంప్యూటర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్‌ను ఎవరో పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించి ఉంటారు. అది ఏ లెక్కలోకీ రాదు. ఒక వైపు లెక్క ఉబ్బుతుంది, ఇంకో వైపు కుంగుతుంది, రెండు తప్పులూ కలిసి ఒప్పు కావు.

శాతం సరిగ్గా తెలిసినా నిర్ణయం తేలదు. 2023లో గూగుల్ ప్లే సర్వీసెస్ ఆండ్రాయిడ్ 4.4కి అప్‌డేట్‌లు ఆపినప్పుడు దాని వాటా ఒక శాతం కంటే తక్కువ. పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టలేదు. 2020 నవంబర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఎదుర్కొన్న లెక్క వేరు. వెబ్‌సైట్లకు ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే ఆ సంస్థ కొత్త, మిగతా సర్టిఫికెట్లన్నిటికీ నమ్మకానికి మూలమైన రూట్ సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు గుర్తించవు. అప్పట్లో ఆండ్రాయిడ్ ఫోన్లలో 7.1 కంటే పాతవి 33.8 శాతం, మూడో వంతు. అంత వాటాను వదిలేయడం ఎవరి తరమూ కాదు. ఆండ్రాయిడ్ తను నమ్మే రూట్ సర్టిఫికెట్ గడువు తేదీని పట్టించుకోదన్న వెసులుబాటును ఆసరా చేసుకుని, పాత రూట్‌తో మరో సంతకం పెట్టించి 2024 సెప్టెంబర్ దాకా నెట్టుకొచ్చారు. శాతం ఇక్కడ చేసిన పని ఆపాలా వద్దా అని తేల్చడం కాదు, ఎంత సమయం కొనుక్కోవాలో చెప్పడం. బీసెంట్ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ ఫోను కొనుక్కున్న మనిషికి దక్కింది ఆ సమయమే.

గడువు పట్టుకున్నవాళ్లు, పట్టుకోనివాళ్లు

శాతాల మీద నమ్మకం సడలాక శాస్త్రీయ పైథాన్ లైబ్రరీలు వేరే దారి పట్టాయి. నంపై 2019లో ఒక విధానం ప్రకటించింది: ఏ పైథాన్ వర్షన్‌కైనా అది విడుదలైన నాటి నుంచి 42 నెలలు సపోర్ట్. దాని తర్వాత వచ్చిన స్పెక్ 0 అనే ఉమ్మడి విధానం దాన్ని మూడేళ్లకు తగ్గించి, మిగతా ఆధారాలకు రెండేళ్లు పెట్టింది. ఎవరు వాడుతున్నారన్న ప్రశ్నే లేదు. వర్షన్ పుట్టిన రోజే అది ఎప్పటిదాకా బతుకుతుందో తెలిసిపోతుంది. భాషకు అయిదేళ్లు ఉంటే లైబ్రరీలు మూడేళ్లకే వదలడం కటువుగానే ఉంటుంది. కానీ అందరూ ఒకే గడువు పాటించడం వల్ల పది లైబ్రరీలు పది వేర్వేరు రోజుల్లో తలుపు మూసే తలనొప్పి తప్పింది.

వర్డ్‌ప్రెస్ రెండో కొసన ఉంది. అది వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, పీహెచ్‌పీ భాషలో రాసింది. పీహెచ్‌పీ 5.2కి కాలం తీరింది 2011 జనవరిలో. వర్డ్‌ప్రెస్ దాన్ని 2019 మేలో, అంటే ఎనిమిదేళ్లు దాటాక వదిలింది. అప్పుడు కొత్తగా పెట్టిన కనీస వర్షన్ 5.6కి కూడా అప్పటికే నాలుగైదు నెలల క్రితం కాలం తీరిపోయింది! వాడకం అయిదు శాతం కిందికి పడితేనే వదలాలన్నది వాళ్ల అలవాటు లెక్క. అందుకే ముందు వాడేవాళ్లను కదిలించే పని పెట్టుకున్నారు: డ్యాష్‌బోర్డులో హెచ్చరిక, ఎందుకు మార్చాలో వివరం, హోస్టింగ్ సంస్థలతో సంప్రదింపులు. పాత శాఖలకు సెక్యూరిటీ సవరణలు కూడా అసాధారణంగా ఎక్కువ కాలం ఇస్తారు. 3.7 నుంచి 4.0 దాకా ఉన్న శాఖలకు వాటిని ఆపింది 2022 డిసెంబర్‌లోనే. సైట్ యజమానికి కోడ్ రాదు, హోస్టింగ్ ఎవరిదో గుర్తుండదు. అలాంటి జనం కోట్లలో ఉన్నప్పుడు నెమ్మదితనం తప్పదు. అదే నెమ్మదితనం వల్ల వర్డ్‌ప్రెస్ కోడ్ రాసేవాళ్లు ఏళ్లపాటు పాత పీహెచ్‌పీ పరిమితుల్లోనే రాసుకోవాల్సి వచ్చింది.

జావా లోకంలో సర్వర్ ప్రోగ్రామ్‌లకు వాడే స్ప్రింగ్ బూట్ ఒక్క దూకు దూకింది. 2022 నవంబర్‌లో వచ్చిన 3.0కి జావా 17 కావాలి, దాని ముందు 2.7 జావా 8 మీద నడిచేది. 2.7కి ఉచిత సపోర్ట్ ఏడాదే మిగిలింది, ఆపైన కావాలంటే డబ్బు కట్టాలి.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక విషయం. మైక్రోసాఫ్ట్ కానీ, లైనక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ కానీ గడువు తీరాక డబ్బు తీసుకుని సపోర్ట్ పొడిగిస్తాయి. ఆ పొడిగింపును చూపించి ఉచిత లైబ్రరీలు కూడా అంతదాకా మోయాలని అడగడం న్యాయం కాదు. డబ్బు అక్కడ, పని ఇక్కడ అయితే ఎలా? కింది పొరకు ఉచిత సపోర్ట్ ఉన్నంత కాలమే మా సపోర్ట్ అని రాసిపెట్టుకోవడం ఇందుకే సబబుగా ఉంటుంది.

అసలు పని ఇన్‌స్టాలర్‌ది

ఇంత చర్చ జరిగినా, లైబ్రరీ పాతదాన్ని వదిలిన రోజున వాడేవాళ్లకు ఏం జరుగుతుందన్నది తేదీ మీద ఆధారపడదు. ప్యాకేజీతో పాటు వెళ్లే ఒక చిన్న వరస మీద ఆధారపడుతుంది. పైథాన్‌లో దాని పేరు రిక్వైర్స్ పైథాన్. ఈ ప్యాకేజీకి పైథాన్ 3.9 లేదా ఆపైన కావాలి అని అందులో రాస్తే, 3.8 ఉన్న కంప్యూటర్‌లో పిప్ ఆ విడుదలను పక్కనపెట్టి వెనక్కి వెళ్లి, 3.8కి సరిపోయే చివరి వర్షన్‌ను ఎక్కిస్తుంది. ఎర్రర్ రాదు, ఎవరికీ ఫోను చేయనక్కరలేదు. పిప్‌కు ఈ తెలివి వచ్చింది 2016 నవంబర్‌లో, 9.0 వర్షన్‌తో. అంతకు ముందు లైబ్రరీ పాత పైథాన్‌ను వదిలితే పిప్ కళ్లు మూసుకుని కొత్తదే దించేది, ప్రోగ్రామ్ మొదటి వరసలోనే పడిపోయేది. 2017లో పైథాన్‌ను వరసవరసగా రాసి నడిపి చూసే పనిముట్టు ఐపైథాన్ 6.0 పైథాన్ 2ను వదిలినప్పుడు దాని నిర్వాహకులు ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డారు. పైథాన్ 2 వాడేవాళ్లకు 5 శాఖ మామూలుగా ఎక్కుతూ పోయింది.

అన్ని భాషల్లోనూ ఈ తెలివి ఒకేలా లేదు. పీహెచ్‌పీ ఇన్‌స్టాలర్ కంపోజర్ ఈ విషయంలో కచ్చితం, సరిపోని వర్షన్‌ను ఎక్కనివ్వదు. జావాస్క్రిప్ట్ ఎన్‌పీఎంలో ఇంజిన్స్ అనే చోట నోడ్ వర్షన్ రాయవచ్చు కానీ, మామూలుగా అది హెచ్చరికతో సరిపెడుతుంది, ప్యాకేజీ ఎక్కిపోతుంది. నడిపాకే తెలుస్తుంది పనిచేయదని. రస్ట్ కార్గోకు కనీస వర్షన్ చూసి తగినదాన్ని ఎంచుకునే శక్తి 2025 జనవరిలో వచ్చిన 1.84తో అందింది. కాబట్టి ఒకే నిర్ణయం, ఒకే తేదీ, పైథాన్‌లో సద్దు లేకుండా సాగిపోయి నోడ్‌లో దుకాణం మూసే పరిస్థితి తేవచ్చు. ఎన్‌పీఎంలో ప్యాకేజీ పెట్టేవాళ్లు గడువు ఇంకాస్త ఉదారంగా ఇవ్వాలనడానికి ఇది చాలు.

ఆ వరస రాయడం మరచిపోతే ఏమవుతుంది? వదిలామని ప్రకటన ఉంటుంది, ఇన్‌స్టాలర్‌కు మాత్రం తెలియదు. పాత కంప్యూటర్లన్నీ పనిచేయని వర్షన్‌ను దించుకుంటాయి. సరిచేసి మరో విడుదల చేసినా లాభం లేదు. ఇన్‌స్టాలర్ సరిచేసినదాన్ని దాటేసి, వెనక ఉన్న తప్పుడు విడుదల దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్కదాన్ని పైథాన్ ప్యాకేజీల భండారం పైపీఐలో యాంక్ చేస్తే, అంటే పక్కకు పెట్టమని గుర్తు పెడితే తప్ప దారి లేదు. ఇంతకంటే ఘోరం పాత వర్షన్లను పూర్తిగా తీసేయడం. ఎవరూ వాడరులే అని తుడిచేసిన ఫైలు మీదే ఎక్కడో ఓ ల్యాబ్ రిపోర్టు ఆధారపడి ఉండొచ్చు.

పాతదాన్ని వదిలేటప్పుడు పెద్ద వర్షన్ నంబర్ మార్చాలా, చిన్నది చాలా అన్న తగాదా కూడా ఉంది. ఇన్‌స్టాలర్ సరిగ్గా ఎంచుకునే చోట దానికి అంత ప్రాధాన్యం లేదు. ఎంచుకోలేని చోట పెద్ద నంబర్ మార్చడమే మేలు, ఎందుకంటే అక్కడ వాడేవాళ్లను కాపాడేది వాళ్లు రాసుకున్న నంబర్ పరిమితి ఒక్కటే.

మిర్చి సీజన్, మార్చి 31

లైబ్రరీల తేదీలు ఎక్కడో తయారవుతాయి, గుంటూరు, విజయవాడ వ్యాపారాల తేదీలు వాటితో పొసగవు. మిర్చి రాక జోరు జనవరి, ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆ తర్వాత యార్డుకు వేసవి సెలవులు. మార్చి 31 లెక్కలు ముగించే రోజు. నోడ్ వర్షన్లకు కాలం తీరేది మామూలుగా ఏప్రిల్ చివరలో, సరిగ్గా యార్డు కిటకిటలాడే రోజుల్లో. పైథాన్ వర్షన్లకు అక్టోబర్‌లో, వన్‌టౌన్ బట్టల దుకాణాలు దసరా, దీపావళి బేరాల్లో తలమునకలై ఉన్నప్పుడు. ఆ వారాల్లో కొత్త వర్షన్ ఎక్కించే సాహసం ఏ సాఫ్ట్‌వేర్ సంస్థా చేయదు, చేయకూడదు కూడా.

దీని అర్థం స్థానిక సంస్థలు గడువు తేదీని కాకుండా దాని ముందు వచ్చే తీరిక కాలాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఏప్రిల్ గడువుకు యార్డు సాఫ్ట్‌వేర్ మార్చాల్సింది అంతకు ముందు ఏడాది వేసవి సెలవుల్లో. అంటే పదకొండు నెలల ముందు. లైబ్రరీ మూడు నెలల నోటీసు ఇచ్చి వదిలితే ఈ లెక్క కుదరదు. ఏడాది నోటీసు అన్నది మర్యాద కోసం కాదు, పంట, పండగ, ఆదాయపు పన్ను ఏడాది తిరిగి రావడానికి పట్టే సమయం అది.

కదిలించలేని కంప్యూటర్లు ఎలాగూ మిగులుతాయి. ల్యాబ్ యంత్రానికి తగిలించినది అలాంటిదే. వాటికి చేయగలిగింది నెట్ నుంచి విడదీయడం, పనిచేస్తున్న ప్యాకేజీ ఫైళ్లన్నిటినీ సొంత డిస్కులో కాపీ పెట్టుకోవడం, ఏ వర్షన్ ఏమిటో ఫైలులో రాసిపెట్టడం. రాసిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఆ ఫైలే దిక్కు.

తర్వాత వంతు విండోస్ 10ది

విండోస్ 7తో జరిగింది విండోస్ 10తోనూ దాదాపు అదే వరసలో జరగబోతోంది. పైథాన్ 3.14 విడుదలైంది 2025 అక్టోబర్ 7న, విండోస్ 10 గడువుకు వారం ముందు. పైన చెప్పిన నియమం ప్రకారం 3.14 విండోస్ 10 మీద నడవాలి, నడుస్తోంది. దానికి సవరణలు 2030 అక్టోబర్ దాకా అందుతాయి. ఆ తర్వాతి వర్షన్లు విండోస్ 10ని వదిలేసినా, ఈరోజు 3.14 మీదకు చేరిన సాఫ్ట్‌వేర్‌కు భాష వైపు నుంచి అన్నేళ్ల వ్యవధి ఉంది. స్పెక్ 0 పాటించే లైబ్రరీలు మాత్రం మూడేళ్ల లెక్కన 2028 చివర్లోనే 3.14ని వదులుతాయి. ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2026 అక్టోబర్ 13 దాకా. విండోస్ 11కి అర్హత లేని కంప్యూటర్లు యార్డు దుకాణాల్లోనూ, వన్‌టౌన్ గద్దెల మీదా ఉన్నంత కాలం, బ్రాడీపేట సంస్థ దగ్గర ఈ మూడు తేదీలూ ఒకే కాగితం మీద ఉండాలి: ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2026, లైబ్రరీలకు 2028, భాషకు 2030.